‘మా ఊరికి వస్తారా? ఎంతవుతుంది?’: చిన్న షాపు వెబ్‌సైటుకు ఎంక్వైరీలు రావాలంటే

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో మాది ఇన్వర్టర్లు, బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్ల షాపు. ఆరేళ్ల కిందట అందరూ పెట్టిస్తున్నారని మేమూ ఒక వెబ్‌సైటు పెట్టించాం. చుట్టాలందరికీ లింకు పంపాం, నాలుగు రోజులు మురిసిపోయాం, తర్వాత దాని సంగతే మర్చిపోయాం. రెండేళ్లలో అది చూసి ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు. ‘మన ఊళ్లలో వెబ్‌సైటు చూసి ఎవరొస్తార్లే’ అని నేనే తీర్పు చెప్పేశాను.

వాన పడుతూ బేరాల్లేని ఒక మధ్యాహ్నం, ఊరికే కూర్చోలేక మా సైటులోని ఫారం నేనే నింపి పంపాను. ‘ధన్యవాదాలు, త్వరలో సంప్రదిస్తాం’ అని వచ్చింది. మెసేజ్ మాత్రం నాకు రాలేదు. ఆరా తీస్తే, సైటు చేసిన కుర్రాడు పని సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోవడానికి తన మెయిల్ ఐడీ పెట్టుకుని, మార్చడం మర్చిపోయాడట. ఆ మెయిల్ వాడటం మానేసి అతనికీ చాలాకాలమైంది. పాస్‌వర్డ్ తంటాలు పడి తెరిపిస్తే లోపల మా పేరు మీద మెసేజ్‌లు వరసగా కూర్చుని ఉన్నాయి. అందులో ఒకటి ఆంధ్ర వైపున్న మెళియాపుట్టి నుంచి: ‘కొత్త ఇల్లు. 3 కిలోవాట్ల సోలార్ పెట్టాలి. మా ఊరికి వస్తారా? ఎంతవుతుంది?’ పద్నాలుగు నెలల కిందటిది. సిగ్గు చంపుకుని ఫోన్ చేశాను.

‘ఇప్పుడా బాబూ? టెక్కలి నుంచొచ్చి బిగించేసి ఏడాదైపోయింది’ అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు.

ఆయన రాసిన ఆ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమంతా. మీది సోలార్ కావచ్చు, బోర్‌వెల్, క్యాటరింగ్, కల్యాణ మండపం, ఇనుప గేట్ల వర్క్‌షాపు ఏదైనా కావచ్చు. వెబ్‌సైటు తెరిచినవాడికి కావలసింది ఆ రెండు జవాబులు, ఆ తర్వాత మాట్లాడటానికి ఒక మనిషి. ఆ మూడూ దొరికేలా సైటును మార్చుకోవడం ఎలాగో, మేం చేసిన వరసలోనే చెబుతాను.

ముందు తాళాలు మీ దగ్గర ఉన్నాయేమో చూసుకోండి

డొమైన్ (సైటు అడ్రసు) ఎవరి పేరు మీద ఉంది, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే చోటు) ఎవరి అకౌంటులో ఉంది, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాపులో కనబడే మీ షాపు వివరాలు) ఏ జీమెయిల్‌తో తెరిచారు. ఈ మూడింటికీ జవాబు ‘సైటు చేసినాయన దగ్గర’ అయితే, అద్దె ఇంటికి సొంత డబ్బుతో గ్రానైట్ వేయించినట్టే. షాపు పేరు మీద ఒక కొత్త జీమెయిల్ తీసి, మూడింటినీ దాని కిందకు మార్పించుకోండి. గొడవ అక్కర్లేదు, మర్యాదగా అడిగితే చాలామంది ఇచ్చేస్తారు. రెన్యువల్ తేదీ షాపు క్యాలెండర్ మీద పెన్నుతో రాసిపెట్టండి.

గూగుల్ ఒకప్పుడు బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా చిన్న వెబ్‌సైటు కూడా ఇచ్చేది. వాటిని 2024 మార్చిలో మూసేసింది. మీ విజిటింగ్ కార్డు మీద, బోర్డు మీద ఆ పాత అడ్రసే ఉంటే జనం చచ్చిన లింకు నొక్కుతున్నట్టు. వెంటనే కొత్తది రాయించండి.

మీ సైటుకు మీరే కొత్త కస్టమర్‌గా వెళ్లండి

కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లో. అది కూడా షాపు వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో. ఇంకా మంచిది, మీ వ్యాపారం గురించి ఏమీ తెలియని ఒకరికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. మా ఆవిడ మేనత్తకిచ్చి ‘అత్తా, మాకు ఫోన్ చెయ్యి చూద్దాం’ అన్నాను. ఆవిడ కిందకీ పైకీ జరిపి, వేలు ఒక ఫోటో మీద నొక్కి, అది పెద్దదైపోతే బెదిరి, చివరికి ‘ఫోన్ నంబరు ఎక్కడుంది నాయనా?’ అంది. నంబరు పేజీ అడుగున, బూడిద రంగు అక్షరాల్లో ఉంది. అది కూడా బొమ్మలో భాగం కాబట్టి నొక్కినా కాల్ వెళ్లదు. ఇన్నాళ్లుగా నాకు కనబడని తప్పు ఆవిడకు నిమిషంలో దొరికింది.

ఈ పరీక్షలో మీరు నోరు మెదపకూడదు. ‘అక్కడ కాదత్తా, పైన’ అని మీరు చెబితే పరీక్ష పోయినట్టే. మీ కస్టమర్ పక్కన మీరు ఉండరు కదా.

మొదటి తెర మీద ఏం రాయాలి

ఫోన్ తెరవగానే, వేలు కదపకుండా కనబడేదాన్నే మొదటి తెర అంటున్నాను. అక్కడ నాలుగు విషయాలు చాలు: ఏం చేస్తారు, ఏ ఊళ్లకు వస్తారు, ధర ఎలా తెలుస్తుంది, నొక్కితే మోగే నంబరు.

మా పాత సైటులో అక్కడ ఏముందంటే, ఒక విదేశీ ఇంటి బొమ్మ, దాని మీద ‘నాణ్యతకు మారుపేరు, మీ సంతృప్తే మా పరమావధి’. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని పోరాడిన మనిషి, ఆయన పుట్టినరోజునే ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి ఊళ్లో కూర్చుని ‘పరమావధి’ అని రాయించుకున్నాను. కౌంటర్ దగ్గర ఏ కస్టమర్‌తోనూ నేను ఆ మాట అనలేదు.

ఇప్పుడు ఇలా ఉంది: ‘ఇంటి మీద సోలార్, ఇన్వర్టర్, బ్యాటరీ. పర్లాకిమిడి, కాశీనగర్, పాతపట్నం, మెళియాపుట్టి చుట్టుపక్కల ఊళ్లకు మేమే వచ్చి బిగిస్తాం. ముందు వచ్చి చూసి ధర చెబుతాం, దానికి డబ్బు తీసుకోం.’ కింద రెండు బటన్లు, ఒకటి ఫోన్‌కు, ఒకటి వాట్సాప్‌కు. ఇంతే. సైటు చేసే వాళ్లు ‘కొంచెం ఖాళీగా ఉంది సార్’ అంటారు. ఉండనివ్వండి.

ఊళ్ల పేర్లు: సరిహద్దు వాళ్లం మరీ జాగ్రత్తగా రాయాల్సింది

మనలాంటి చోట్ల ఈ ప్రశ్న లోపలి జిల్లాల వాళ్లకు ఉన్నంత తేలిక కాదు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. ఆటోలో పోయేంత దూరం. అయినా అటువైపు మనిషికి మా సైటు కనబడితే మొదటి అనుమానం ‘వీళ్లు ఒడిశా వాళ్లు, ఇటొస్తారా?’ అనే. బరంపురం షాపుకు ఇచ్ఛాపురం, రాయగడ షాపుకు పార్వతీపురం, ధర్మాబాద్ షాపుకు బాసర, సిరొంచ షాపుకు గోదావరి అవతల కాళేశ్వరం, అందరికీ ఇదే లెక్క. అనుమానం వచ్చిన మనిషి ఫోన్ చేసి అడగడు, వెనక్కి నొక్కేసి ఇంకో షాపు చూసుకుంటాడు.

కాబట్టి ‘ఏ ఊళ్లకు వస్తాం’ అని ఒక పేజీ పెట్టండి. ఇటు ఊళ్లు, అటు ఊళ్లు విడివిడిగా. ఒక్కో వైపు తేడాలేమిటో అక్కడే చెప్పండి. మా పనిలో ఇటువైపు కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్, అటు శ్రీకాకుళం జిల్లాలో ఏపీఈపీడీసీఎల్. నెట్ మీటర్ (ఇల్లు వాడుకున్న కరెంటునూ, సోలార్ నుంచి లైనుకు పంపిన కరెంటునూ లెక్కేసే మీటర్) దరఖాస్తు ఏ వైపు ఇల్లయితే ఆ కంపెనీకే వెళ్తుంది. ఈ రెండు వాక్యాలు రాశాక అటువైపు నుంచి వచ్చే ఫోన్లలో ‘మీకు మా కరెంటు ఆఫీసు పద్ధతి తెలుసా’ అన్న ప్రశ్నే పోయింది. క్యాటరింగ్ వాళ్లయితే వంట మనుషుల రాకపోకల ఖర్చు ఎవరిదో రాయండి. బోర్‌వెల్ వాళ్లకు అవతలి రాష్ట్రంలో అనుమతుల సంగతి ఉంటుంది.

రాసే ముందు ఒకటి చూసుకోండి. జీఎస్టీలో కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి సరుకు అమ్మడానికి వీల్లేదు. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు అవతలి వైపు బిగించే పనికి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య వ్యాపారానికి వేసే జీఎస్టీ) వేయాలి. నది దాటి వెళ్లి బిగించడం మనకు పక్క వీధి పనిలా అనిపిస్తుంది గానీ, బిల్లులో అది అంతర్రాష్ట్ర వ్యాపారం. మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడాకే అవతలి ఊళ్ల పేర్లు పెట్టండి.

ఊరి పేరు ఎలా రాస్తామన్నది కూడా మనకు తలనొప్పే. మేం పర్లాకిమిడి అంటాం, ప్రభుత్వ కాగితాల్లో పారలాఖెముండి అని ఉంటుంది. ఇంగ్లీషులో పాత స్పెల్లింగు ఒకటి, ఇప్పటిది ఒకటి. బరంపురాన్ని బెర్హంపూర్ అనేవాళ్లున్నారు, బ్రహ్మపుర అనేవాళ్లున్నారు. వెతికేవాడు ఏది టైపు చేస్తాడో మనకు తెలియదు. అడ్రసులో అధికారిక పేరు, మామూలు వాక్యాల్లో జనం పిలిచే పేరు, రెండూ సహజంగా పడేలా రాయండి. అంతేగానీ పేజీ అడుగున అన్ని స్పెల్లింగులనూ దండ గుచ్చినట్టు పెట్టకండి. ఒకే పేజీని ఊరి పేరు మాత్రం మార్చి నలభై కాపీలు చేయించొద్దు. అలాంటి పేజీలను గూగుల్ మోసం కిందే లెక్కేస్తుంది. పాతపట్నం పేరుతో విడిగా పేజీ కావాలంటే అక్కడ మీరు చేసిన పని ఫోటో, ఆ వీధిలో ఎదురైన ఇబ్బంది, పట్టిన రోజులు రాయండి. అప్పుడది నిజంగా వేరే పేజీ.

ధర దాచకండి

ఇక్కడ మా నాన్నతో నాకు పెద్ద గొడవే అయింది. ‘రేటు గోడ మీద రాస్తే పక్క షాపు వాడు వంద తగ్గించి అమ్ముతాడు’ అంటారాయన. నిజమే, తగ్గిస్తాడు. కానీ పక్క షాపు వాడికి మన రేటు ఎలాగూ తెలుసు. తెలియనిది కస్టమర్‌కే. ధర ఊసే లేని పేజీ చూసి ‘ఎక్కువ ఉంటుంది కాబోలు’ అనుకుంటాడు, లేదా నాలుగు షాపులకు ఒకే మెసేజ్ పెడతాడు. ధర ఒక అందాజాగా తెలిశాక ఫోన్ చేసేవాడు మాత్రం నిజంగా కొనే ఉద్దేశంతో చేస్తాడు.

ఖచ్చితమైన అంకె చెప్పలేని పనులే ఎక్కువ కాబట్టి, ఇంత నుంచి ఇంత దాకా అని రాసి, ఎందుకు పెరుగుతుందో చెప్పండి. మా 3 కిలోవాట్ల పేజీ దాదాపు ఇలా ఉంటుంది:

‘నెలకు 300 నుంచి 350 యూనిట్లు కాలే ఇంటికి 3 కిలోవాట్లు సరిపోతుంది. నీడ పడని డాబా సుమారు 300 చదరపు అడుగులు కావాలి. ఎండ బాగున్న రోజుల్లో కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల చొప్పున వస్తుంది, వానాకాలంలో తగ్గుతుంది. పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం సబ్సిడీ 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయలు. 3 కిలోవాట్లు దాటినా ఇంటికి అంతకు మించి రాదు. ఈ డబ్బు బిగించడం, నెట్ మీటర్ పెట్టడం అయ్యాక మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, మాకు రాదు. కాబట్టి ముందు పూర్తి ధర మీరే కట్టాలి లేదా లోను తీసుకోవాలి. డాబా మీద ట్యాంకు నీడ ఉంటే స్టాండ్ ఎత్తు పెంచాలి, అప్పుడు ఖర్చు పెరుగుతుంది.’

దీని కింద మా ధర, ఇంత నుంచి ఇంత దాకా అని, ఏ నెలలో రాసిందో ఆ నెల పేరుతో. నెల పేరు ముఖ్యం. పాత ధర పట్టుకుని వచ్చే మనిషితో కౌంటర్ దగ్గర వాదన పడకుండా అదే కాపాడుతుంది.

‘ముందు పూర్తి ధర మీరే కట్టాలి’ అన్న వాక్యం తీసేయమని చాలామంది సలహా ఇచ్చారు, బేరం పోతుందని. ఒకటీ అరా పోయే ఉంటాయి. కానీ ఆ సంగతి ఇంటికి వెళ్లాక బయటపడితే, నా పెట్రోలూ పోతుంది, ఆ వీధిలో నా మాటా పోతుంది. సైటు మీదే తేలిపోవడం నాకు నయం.

మీ వ్యాపారానికి ఇలాంటి పేజీ తయారు చేయాలంటే కొత్తగా ఏమీ ఆలోచించక్కర్లేదు. ఒక వారం పాటు ఫోన్లోనూ కౌంటర్ దగ్గరా జనం అడిగే ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఒక కాగితం మీద రాయండి. మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలే పేజీలో శీర్షికలు. మీరు నోటితో చెప్పిన జవాబే కింద రాయాల్సింది.

ఏ భాషలో

మా వీధిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు. మా తర్వాతి తరంలో తెలుగు గలగలా మాట్లాడి, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కునే పిల్లలు చాలామంది. అదే నది అవతల తెలుగు తప్ప ఇంకోటి చదవనివాళ్లు. కాబట్టి ఒకటే భాషతో పని జరగదు. అలాగని ఒకే పేజీలో మూడు భాషలూ కలగలపకండి. ఒక్కో భాషకు వేరే పేజీ, వేరే అడ్రసు పెట్టి, పైన బటన్ మీద ఆ భాష పేరు ఆ లిపిలోనే రాయండి.

యంత్రం చేసిన అనువాదం నేరుగా అతికించొద్దు. మేం అతికించాం. పక్క స్టేషనరీ షాపాయన మా ఒడియా పేజీ చదివి ఇంకొకరిని కూడా పిలిచి చదివించి నవ్వాడు. తర్వాత ఆయనే కూర్చుని సరిచేసి పెట్టాడు.

చదవడం కష్టమైనవాళ్ల కోసం ఒక నిమిషం వీడియో చాలు. డాబా మీద నిలబడి, ప్యానెల్ చూపిస్తూ, ఎంత ఖర్చో, ఎన్ని రోజుల పనో నోటితో చెప్పడం. షూటింగ్ హంగులేవీ వద్దు, గాలి శబ్దం లేకుండా చూసుకోండి.

బటన్లు, ఫారం

ఫోన్ నంబరు బొమ్మలో కాకుండా అక్షరాల్లో ఉండాలి, నొక్కితే డయల్ అవ్వాలి. సైటు చేసేవాళ్లకు ‘టెల్ లింకు పెట్టండి, ముందు ప్లస్ 91 కలపండి’ అంటే అర్థమవుతుంది.

వాట్సాప్ బటన్ లింకు డబ్ల్యూఏ డాట్ ఎంఈ స్లాష్ అని మొదలై, వెంటనే 91, ఆ వెంటనే మీ పది అంకెలు. ప్లస్ గుర్తు గానీ, మొదట సున్నా గానీ, మధ్యలో ఖాళీ గానీ పెట్టకండి. నంబరు తర్వాత టెక్స్ట్ అన్న భాగం కలిపితే, కస్టమర్ నొక్కగానే చాట్‌లో మెసేజ్ ముందే రాసి ఉంటుంది. మాది: ‘సోలార్ గురించి. మా ఊరు: ... నెల కరెంటు బిల్లు: ...’ చాలామంది ‘హాయ్’ అని పెట్టి ఊరుకుంటారు, మనం ‘చెప్పండి’ అంటాం, అటునుంచి జవాబు రాదు. ఈ సగం రాసిన మెసేజ్ వల్ల ఆ బాధ చాలావరకు తగ్గింది. ఒక్కో పేజీకి వేరే మాట పెడితే, ఎవరు ఏ పేజీ నుంచి వచ్చారో మెసేజ్ చూడగానే తెలిసిపోతుంది. దీనికి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు.

ఫారంలో మాకు మొదట తొమ్మిది గడులు ఉండేవి. ఇంటిపేరు, ఈమెయిల్, పుట్టిన తేదీ కూడా! పుట్టిన తేదీ ఎందుకు అడిగామో ఇప్పటికీ నాకు తెలియదు. ఇప్పుడు పేరు, ఫోన్, పిన్ కోడ్, ఏం కావాలి, అంతే. పిన్ కోడ్ వల్ల మాకో సుఖం ఉంది: 76తో మొదలైతే ఇటువైపు, 53తో మొదలైతే ఆంధ్ర వైపు. ఏ కరెంటు కంపెనీ కాగితాలు పట్టుకెళ్లాలో ముందే తెలుస్తుంది. ఫారం కింద ఒక వాక్యం రాయండి: ‘మీ నంబరు ఈ పని గురించి మాట్లాడటానికే వాడతాం.’ రాసినట్టే నడుచుకోండి కూడా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ అదే, ఏ పని కోసం తీసుకున్నారో ఆ పనికే వాడాలని. దీపావళి శుభాకాంక్షల లిస్టులో వాళ్లను చేర్చకండి.

ఫారం మెసేజ్ రెండు చోట్లకు వచ్చేలా పెట్టించండి, షాపు జీమెయిల్‌కొకటి, గూగుల్ షీట్‌లోకి ఒకటి. మెయిల్ స్పామ్‌లో పడినా షీట్‌లో ఉంటుంది.

ఫోటోలు, వేగం

ఫోన్‌తో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీలు ఉంటుంది. అది అలాగే ఎక్కిస్తే గుమ్మ కొండల్లో సిగ్నల్‌కు పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫోటో ఫార్మాట్‌లో పెడితే నూటయాభై కేబీ లోపే వస్తుంది. పేజీ వేగం కొలిచే గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రసు వేసి చూడండి, ఉచితం. పేజీలోని పెద్ద భాగం కనబడటానికి 2.5 సెకన్ల లోపు పడితే బాగున్నట్టు. పైన గిరగిరా తిరిగే బొమ్మల స్లైడర్ ఉంటే తీసేయండి, సగం బరువు అదే.

కొన్న బొమ్మలు వద్దు. మీ మనుషులు, మీ వ్యాను, మీరు బిగించిన డాబా. ఇంటివాళ్ల అనుమతి అడిగి, ఇంటి నంబరు కనబడకుండా తీయండి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

నిజం చెప్పాలంటే, ఊళ్లో వెతికేవాళ్లలో చాలామందికి మీ సైటు కంటే ముందు కనబడేది ఇదే. మ్యాపులో పేరు, టైమింగ్స్, ఫోటోలు, సైటు లింకు. కేటగిరీ సరిగ్గా ఎంచుకోండి. షాపు ఉంటూ ఇళ్లకూ వెళ్తారు కాబట్టి అడ్రసుతో పాటు మీరు వెళ్లే ప్రాంతాలు కూడా చేర్చండి, 20 దాకా పెట్టుకోవచ్చు. నది అవతలి ఊళ్లు ఇక్కడ కూడా చేరాలి. షాపు పేరులో మాత్రం ‘బెస్ట్ సోలార్ పర్లాకిమిడి’ లాంటి తోకలు తగిలించకండి. బోర్డు మీద ఏముందో అదే ఉండాలి, లేకపోతే ప్రొఫైల్ నిలిపేయవచ్చు.

రివ్యూలు అడగడానికి మొహమాటపడకండి. పని అయిపోయి, ఫ్యాను తిరిగి, ఇంటావిడ టీ ఇచ్చే వేళ అడగాలి. అప్పుడే రివ్యూ లింకు వాట్సాప్ చేయాలి. రాసినందుకు డిస్కౌంట్, బహుమతి ఇవ్వడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ఆ జోలికి పోవద్దు. చెడ్డ రివ్యూ వస్తే ఒక రాత్రి ఆగి, మర్నాడు పొద్దున్నే జవాబు రాయండి. రాత్రి పదకొండింటికి రాసిన జవాబు నేనొకటి తర్వాత తీసేయాల్సి వచ్చింది.

ఫోను మోగాక

సైటు ఎంత బాగున్నా మేం పోగొట్టుకున్న బేరాల్లో ఎక్కువ ఇక్కడే పోయాయి. మధ్యాహ్నం రెండింటికి వచ్చిన మెసేజ్‌కు రాత్రి తొమ్మిదింటికి జవాబిస్తే, ఆ ఏడు గంటల్లో ఆయన ఇంకో ఇద్దరితో మాట్లాడేసి ఉంటాడు. డాబా ఎక్కి పనిలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తడం కుదరదు. అందుకని ఎంక్వైరీల నంబరు వేరుగా తీసి, అది షాపులో ఉండే మనిషి చేతిలో పెట్టాం. వాట్సాప్ బిజినెస్‌లో ‘ఇప్పుడు పనిలో ఉన్నాం, సాయంత్రం ఆరులోపు ఫోన్ చేస్తాం’ అని ఆటోమేటిక్ జవాబు పెట్టాం. ఆరు అని రాస్తే ఆరుకు చేయాల్సిందే. చేయలేననుకుంటే ఎనిమిది అని రాయండి.

ఒక పొడుగు రిజిస్టర్ కొనండి. షీట్‌లో రాసుకున్నా సరే గానీ, మా షాపులో పుస్తకమే నిలబడింది. తేదీ, పేరు, ఊరు, ఏం కావాలి, ఎలా తెలిసింది, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి, ఏమైంది. ‘ఎలా తెలిసింది’ అన్న గడి నింపాలంటే అడగాలి: ‘మా నంబరు ఎక్కడ దొరికిందండీ?’ సగం మంది ‘ఫోన్లో చూశాం’ అంటారు. అక్కడ ఆగకుండా ‘మ్యాపులోనా, మా పేజీలోనా?’ అని ఇంకో ప్రశ్న వేయండి.

‘మళ్లీ ఎప్పుడు’ అన్న గడిలోనే డబ్బుంది. మొదటి ఫోన్‌కే కొనేవాళ్లు తక్కువ. ‘పంట అమ్మాక చూస్తాం’ అంటే ఆ నెల రాయండి. ‘అమ్మాయి పెళ్లయ్యాక’ అంటే పెళ్లి తేదీ అడిగి రాయండి. ఆ రోజు రాగానే ఒక్క ఫోన్: ‘పెళ్లి బాగా జరిగిందాండీ? అప్పుడు సోలార్ గురించి అడిగారు కదా.’ గుర్తు పెట్టుకున్నారని సంతోషిస్తారు. రెండుసార్లు వద్దంటే మాత్రం ఇక వదిలేయండి.

నెలకో గంట

గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ ఉచితమే, సైటును దానికి కలపండి. ఏ మాటలు టైపు చేసి జనం మీ పేజీ దాకా వచ్చారో 16 నెలల వెనక దాకా చూపిస్తుంది. అందులో మీరు రాయని ప్రశ్న ఏదైనా కనబడితే దానికి ఒక పేజీ రాయాలన్నమాట. మాకు ‘ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు పోయాలి’ అన్నది అలాగే దొరికింది. ఆ పేజీ చదివి వచ్చేవాళ్లు బ్యాటరీ మార్చే వయసుకు వచ్చినవాళ్లే. సైటుకు వచ్చినవాళ్ల లెక్క చూపే గూగుల్ అనలిటిక్స్‌లో ఫోన్ బటన్, వాట్సాప్ బటన్ నొక్కిన లెక్క పెట్టించండి. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలైలోనే ఆగిపోయింది, మీ సైటులో ఇంకా అదే ఉంటే ఏ లెక్కా రావట్లేదు. రోజూ ఎంతమంది చూశారు అన్న అంకె వెంట పడకండి. నెలాఖరుకు రిజిస్టర్‌లో సైటు నుంచి వచ్చినవి ఎన్ని, అందులో పని అయినవి ఎన్ని, ఈ రెండు చాలు.

యాడ్స్ సంగతి చాలామంది ముందే అడుగుతారు. పైన చెప్పినవన్నీ అయి, ఒక నెల ఫోన్లు సరిగ్గా ఎత్తగలిగాక ఆలోచించండి. అంతకుముందు పెట్టే ప్రతి రూపాయీ చిల్లు కుండలో నీళ్లే.

ఇక ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున, షాపు షట్టర్ ఎత్తాక, నేను మా ఫారం నింపుతాను. పేరు దగ్గర ‘పరీక్ష’ అని, పిన్ కోడ్ దగ్గర మెళియాపుట్టిది. మెసేజ్ మెయిల్‌కు వచ్చిందా, షీట్‌లో పడిందా చూసి, అప్పుడు అగరొత్తి వెలిగిస్తాను.